సూదమ్మ కుట్టిన ట్యాంకు కవరు

ఎండలు ముదిరి, జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చునే రోజుల్లోనే సూదమ్మకీ ఆమె భర్తకీ ఊళ్లు తిరిగే కాలం వచ్చేది. ఇదేం పిచ్చి అని అందరూ నవ్వేవాళ్లు. పిచ్చేమీ కాదు, వాళ్లకి వేరే దారి లేదు. ఆయన బేకరీలో రొట్టెలు కాల్చే మేస్త్రి. ఏడాది పొడుగునా మండే ఇటుకల పొయ్యి నడివేసవిలో ఒక్కసారి చల్లారుతుంది. బడులు మూసేస్తారు కనక రొట్టెల గిరాకీ తగ్గుతుంది. అప్పుడే లోపలి ఇటుకలు పీకి కొత్తవి పేర్పిస్తాడు యజమాని. ఆ పని అయ్యేదాకా మేస్త్రికి సెలవు. జీవితమంతా నిప్పు ముందు నిలబడిన మనిషి, సెలవు దొరికిందే తడవుగా బండి తీసి ఎండలో పడేవాడు.

సూదమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. బస్సుల సీట్లకి కవర్లు కుట్టే షెడ్డులో స్థిరపడిన పేరు. రెండు పెదాల మధ్య సూది పట్టుకుని, అది కదలకుండా గంటసేపు కబుర్లు చెప్పగలదని అలా పిలవడం మొదలుపెట్టారు. ఆమె ఆ పనిలోకి రావడమూ చిత్రంగానే జరిగింది. పెళ్లైన కొత్తలో కాపురం ఒకే ఒక్క గదిలో. ఆయన రాత్రంతా రొట్టెలు కాల్చి, తెల్లారి వచ్చి నిద్రపోయేవాడు. గిన్నె తగిలినా ఉలిక్కిపడి లేచేవాడు. పాపం, ఆయన నిద్ర పాడుచేయడం ఇష్టం లేక ఆమె పొద్దున్నే తలుపు దగ్గరగా వేసి, పక్క వీధిలో షెడ్డు అరుగు మీద వచ్చి కూర్చునేది. ఆ షెడ్డు నడిపే ఆవిడ నాలుగు రోజులు చూసి, అయిదో రోజు పాత సీటు కవరొకటి ఒళ్లో పడేసింది.

"ఊరికే కూర్చుంటే ఏం తోస్తుందమ్మాయ్? ఆ కుట్లు విప్పు."

విప్పడంతో మొదలైన చెయ్యి కుట్టడంలో పడింది. షెడ్డు ఆవిడ "అక్క" అయిపోయింది. సీట్లు పీకేసిన బస్సులు షెడ్డు ముందు డొల్లల్లా నిలబడి ఉండేవి. లోపలంతా రెక్సిన్ వాసన, గాల్లో స్పాంజి నుసి, మిషన్ల మోత. సూదమ్మ కుట్టిన ప్రతి సీటు మీదా తనే ముందు కూర్చునేది. ఒకసారి అలా కూర్చునే నిద్రపోయింది కూడా. అక్క తిట్టలేదు. "సూదమ్మకి నిద్రొచ్చిందంటే సీటు కుదిరినట్టే, పంపించెయ్యండి" అంది.

పిల్లలు కలగలేదు. దానికి ఇద్దరూ ఏడవాల్సినంత ఏడ్చారు, తిరగాల్సిన డాక్టర్ల దగ్గరికి తిరిగారు. తర్వాత ఒక వేసవిలో ఆయన పేపర్లు వేసేవాడి దగ్గర పాత మోటారుసైకిలు కొన్నాడు. నల్లటి బండి. ట్యాంకు మీద సొట్ట. వెనక ఎక్కి కూర్చుని, ఊరి చివర వంతెన దాటగానే ఆమె గట్టిగా నవ్వింది. ఎందుకు నవ్విందో తనకీ తెలీదు. ఆయన వెనక్కి తిరిగి చూసి, బండి ఆపకుండా ఇంకాస్త దూరం తీసుకెళ్లాడు. అప్పట్నుంచీ ప్రతి వేసవీ ప్రయాణమే.

ఈ ప్రయాణాల్లో ఆయనకి ఒకటే బాధ. నల్లటి ట్యాంకు ఎండకి పెనంలా కాలేది. మోకాళ్లు తగిలితే చుర్రుమనేది. ఒక ఏడాది వేసవిలో ఆయన కాళ్లు బారజాపి కప్పలా కూర్చుని బండి నడిపాడు. దారిన పోయేవాళ్లు చూసి నవ్వారు. ఇంటికొచ్చాక చూస్తే తొడల లోపలి వైపు ఎర్రగా కమిలిపోయి ఉంది. సూదమ్మ మందు రాస్తూనే మనసులో ఒక నిర్ణయానికి వచ్చేసింది.

మరుసటి ఏడు వేసవి దగ్గరపడుతుండగా, ఆయన నిద్రపోతున్నప్పుడు ట్యాంకు కొలతలు తీసుకుంది. మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డులో కూర్చుని కుట్టింది. పైన ఎండని లాక్కోని లేత రంగు రెక్సిన్, లోపల బొటనవేలంత మందాన స్పాంజి. పెట్రోలు పోసే మూత దగ్గర చిన్న తలుపులాంటి ముక్క, దానికి రెండు నొక్కుడు గుండీలు. దుమ్ము లోపలికి పోకూడదని ఆ తలుపుకి కూడా స్పాంజి పెట్టి, మూత చుట్టూ అతుక్కుపోయేలా బిగించింది. కుట్టు చూసి అక్కే ముక్కున వేలేసుకుంది.

"బస్సు సీట్లకి ఇంత శ్రద్ధ ఎప్పుడైనా పెట్టావటే?"

"బస్సు సీట్లు నా మొగుళ్లు కాదు కదక్కా."

ప్రయాణం రోజు పొద్దున కవరు తొడిగి చూపించింది. ఆయన మాటల మనిషి కాదు. బండెక్కి కూర్చుని మోకాళ్లతో ట్యాంకుని ఒకటికి రెండుసార్లు నొక్కి చూశాడు. "ఏవోయ్, పరుపులా ఉందే" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు ఆమెకి. పెట్రోలు బంకులో కూడా అక్కడివాడు అడక్కుండానే "మా ఆవిడ కుట్టింది" అని చెప్పాడు. ఆ సంతోషంలోనే కాబోలు, "నింపెయ్, మెడదాకా పొయ్యి, దారిలో మళ్లీ బంకు ఉంటుందో ఉండదో" అన్నాడు. వాడు పెట్రోలు అంచు తాకేదాకా పోశాడు.

కొండల మధ్య ఒక చెరువుందనీ, ఎంత ఎండలోనూ దాని నీళ్లు ఎండవనీ ఎవరో చెబితే విన్నారు. అక్కడికే ఈ ప్రయాణం. పొద్దెక్కేదాకా బండి బాణంలా పోయింది. ఒక టీకొట్టు దగ్గర ఆపారు. నీడంతా లారీలు ఆక్రమించుకోవడంతో బండిని ఎండలోనే పెట్టారు. బల్ల మీద కూర్చుని ఇద్దరూ తీరిగ్గా టీ తాగారు. తిరిగొచ్చేసరికి గుప్పున పెట్రోలు వాసన.

"బంకువాడు ఒలకపోసినట్టున్నాడు" అన్నాడాయన.

"కవరు తడిసిందేమో చూడండి."

పైపైన తడిమి చూశాడు. రెక్సిన్ పొడిగానే ఉంది. ఇంకేం, బయల్దేరారు.

కాస్త దూరం పోగానే బండి దగ్గింది. ఇంకొంచెం పోయి గురగురమని ఆగిపోయింది. ఆయన దిగి బండిని అటూ ఇటూ ఊపాడు. లోపల పెట్రోలు గళగళలాడుతోంది. కిక్కు కొట్టి కొట్టి చెమటతో తడిసిపోయాడు. చేసేది లేక కూర్చుంటే, కాసేపటికి ఒక్క కిక్కుకే స్టార్టయింది. హమ్మయ్య అనుకుని ఎక్కారు. మళ్లీ అంతే దూరం, మళ్లీ అదే దగ్గు. ఈసారి స్పార్క్ ప్లగ్గు విప్పి, తుడిచి, ఊది పెట్టాడు. బండి కదిలింది. మళ్లీ ఆగింది.

ఇక అక్కణ్నుంచి మొదలైంది ఇద్దరికీ. "బయల్దేరేముందు మెకానిక్కుకి చూపించమంటే విన్నారా?" అని ఆమె. "చూపించేవాణ్నే, నువ్వే తొందరపెట్టావు" అని ఆయన. పెట్రోలు కల్తీదన్నాడు, కార్బురేటర్ చెడిపోయిందన్నాడు, చివరికి బండి అమ్మినవాణ్ని కూడా తిట్టాడు. వాడు బండి అమ్మి ఏళ్లు గడిచిపోయాయి. ఎండ మాడు పగలగొడుతోంది. చుట్టూ చూస్తే ఎండిన పొలాలు, ఎర్రటి రోడ్డు, కనుచూపు మేరలో చెట్టన్నది లేదు. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. ఆమె బండిని వెనక నుంచి తోస్తోంది. తోస్తూ తోస్తూ ఒకచోట నిలబడిపోయింది. కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఆయన చూసి భయపడ్డాడు. బండి స్టాండు వేసి, తన చొక్కా విప్పి ఆమె తల మీద పట్టుకుని నిలబడ్డాడు. పోట్లాట అక్కడితో ఆగిపోయింది.

అప్పుడు పక్కనున్న పొలాల బాటలోంచి రోడ్డెక్కింది నీళ్ల ట్యాంకరు, దుమ్ము లేపుకుంటూ. చెయ్యి ఎత్తకముందే ఆగింది. డ్రైవరు లావుపాటి మనిషి, మెడ చుట్టూ తడిగుడ్డ. ముందు బండి వైపు చూడనేలేదు. సూదమ్మని ట్యాంకరు నీడలో కూర్చోబెట్టి, వెనక పంపు తిప్పి, ఆమె చేతుల మీద, తల మీద చల్లటి నీళ్లు ధారగా వదిలాడు.

"మొహం కడుక్కో చెల్లెమ్మా. ఒక్కసారే గటగటా తాగకు, గుక్క గుక్కగా తాగు."

ఆ నీళ్లు ఒంటి మీద పడి ప్రాణం లేచొచ్చిన క్షణాన్ని సూదమ్మ ఎన్నటికీ మరిచిపోలేదు.

ఆమె కుదుటపడ్డాక డ్రైవరు బండి దగ్గరికి నడిచాడు. ట్యాంకరు చక్రానికి ఇటుపక్క ఆమె, అటుపక్క వాళ్లిద్దరూ.

"ఏంటి గురువుగారూ, మొరాయించిందా?"

"టీ తాగి బయల్దేరినప్పటినుంచీ ఇదే వరస. కాసేపు ఆగితే స్టార్టవుతుంది. కాస్త దూరం పోయి మళ్లీ చస్తుంది."

"పెట్రోలుందా?"

"బోలెడుంది."

"అయితే ఆ మూత తియ్యండి."

టక్ టక్ మని గుండీలు ఊడిన చప్పుడు. మూత తిప్పగానే ఎవరో ఊపిరి పీల్చినట్టు 'స్స్' మని శబ్దం. డ్రైవరు పకపకా నవ్వాడు.

"విన్నారా? గాలి కోసం కొట్టుకుంటోంది పాపం. నా ట్యాంకరు చూడండి, పైమూత బిగించేస్తే కింద పంపు ఎంత తిప్పినా చుక్క రాదు. లోపలికి గాలి పోతేనే కిందికి నీళ్లొస్తాయి. మీ మూతకీ గాలి పోయే చిల్లుంటుంది. దాన్నే మూసేశారు." తర్వాత అతని గొంతులో నవ్వు పోయింది. "అయ్యో, ఇదేంటండీ? ఈ స్పాంజి నిండా పెట్రోలే. మెడదాకా పోయించారా? ఎండకి పెట్రోలు పొంగుతుంది. పొంగి చిల్లులోంచి పైకొచ్చింది, ఇది తాగేసింది. తాగి ఉబ్బి చిల్లుకి అతుక్కుపోయింది. కిందేమో ఇంజను కాలుతోంది. ఒక్క నిప్పురవ్వ పడుంటే ఇద్దరూ... ఏ మహానుభావుడు కుట్టాడండీ ఈ కవరు?"

భర్త గొంతు వినపడింది, బాగా తగ్గించి:

"మెల్లగా అన్నా. మా ఆవిడ కుట్టింది. నా కాళ్లు కాలుతున్నాయని కుట్టింది. దానికి తెలియకూడదు."

మరుక్షణం డ్రైవరు గొంతు పెద్దగా మోగింది. "ఏం లేదు చెల్లెమ్మా! ఎండకి బండి అలిగింది, అంతే! కాస్త బుజ్జగిస్తే పోతుంది!"

సూదమ్మకి అంతా వినపడింది. టీకొట్టు గుర్తొచ్చింది. బండి పెట్టిన చోటికి నాలుగడుగుల్లో పొయ్యి భగ్గున మండుతూ ఉంది. తన చేత్తో, తను మురిసిపోతూ కుట్టిన కుట్టు. సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు వెనకే ఇంకోటి. ఇంతసేపూ ఎండలో కిక్కులు కొట్టి, తిట్లు తిని, నీరసంతో వణుకుతున్న మనిషి, తప్పు దొరకగానే తన మీదికి నెట్టెయ్యకుండా దాచుకున్నాడు. కల్తీ పెట్రోలు అని ఊరందరినీ తిట్టిన మనిషికి ఇప్పుడు తిట్టడానికి ఒక నిజమైన కారణం దొరికింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ఆమె లేచి చక్రం చుట్టూ తిరిగి వచ్చింది. ఆయన గబగబా కవరు మడుస్తున్నాడు.

"రంగు పోతుందని తీసేస్తున్నానోయ్. ఎండ ఎక్కువగా ఉంది కదా" అన్నాడు.

"మీరు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి."

"ఎండకి."

"ఎండ నాకూ ఉంది. నా చెవులు చూడండి." ఆమె చెయ్యి చాపింది. "ఇటివ్వండి. అన్నయ్యా, అలిగింది బండి కాదు. నేను విన్నాను."

మగవాళ్లిద్దరూ దొంగతనం చేస్తూ దొరికినట్టు నిలబడ్డారు. ఆమె సంచిలోంచి కత్తెర తీసింది. కత్తెర లేకుండా ఆమె గడప దాటదు. రోడ్డు పక్కన గొంతుకూర్చుని, కుట్లు చకచకా కోసి, తడిసిన స్పాంజి మొత్తం బయటికి లాగింది. పెట్రోలు వాసనకి కళ్లు నీళ్లు కారాయి. కొన్ని నీళ్లు వాసనవి కావు. ఆయన పక్కన కూర్చుని కవరు రెండో అంచు పట్టుకున్నాడు. డ్రైవరు స్పాంజిని ఇనప బకెట్లో వేసి, "దీన్ని ఇక్కడ పారెయ్యకూడదు. రోడ్డు పని దగ్గర చెత్త గొయ్యి ఉంది, నేను చూసుకుంటా" అన్నాడు. పంపు తిప్పి రెక్సిన్ని తనే కడిగాడు. అది ఆరేలోపల సూదమ్మ మూత మీది తలుపు ముక్క కోసి పారేసింది. మూత చుట్టూ చెయ్యి పట్టేంత ఖాళీ ఉంచి, మోకాళ్లు తగిలే రెండు పక్కలకి మాత్రం పొడి గుడ్డ మడతలు పెట్టి కుట్టింది. నేల మీద కూర్చుని, ట్యాంకరు నీడలో.

"ఎండల్లో మెడదాకా పోయించకండి గురువుగారూ" అన్నాడు డ్రైవరు. "నాలుగు వేళ్లు ఖాళీ ఉంచండి. అదీ మనలాగే, వేడెక్కితే కాస్త చోటు కావాలంటుంది. ఆపినప్పుడు నీడ చూసుకోండి. నీడ లేకపోతే తడిగుడ్డ కప్పండి, మూత మాత్రం వదిలేసి."

కిక్కు కొట్టగానే బండి అందుకుంది. అయినా డ్రైవరు వాళ్లని ఒంటరిగా పోనివ్వలేదు. "నేనూ అటే" అని వెనకే వచ్చాడు. సూదమ్మ తిరిగి చూసినప్పుడల్లా ఆ పెద్ద ట్యాంకరు బుద్ధిగా, దూరం పాటిస్తూ, వాళ్ల వేగానికే నడుస్తూ కనిపించింది. కొండ అడుగున ఊరు రాగానే రెండుసార్లు హారన్ కొట్టి వెనక్కి తిరిగింది. చెయ్యి ఊపేలోపలే దుమ్ములో కలిసిపోయింది.

చెరువు దగ్గర బస దొరికింది. సాయంత్రం ఇద్దరూ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. నిజంగానే నీళ్లు నిండుగా, ముదురు రంగులో, చల్లగా ఉన్నాయి. ఆమె అడిగింది.

"ఎందుకు దాచారు?"

ఆయన నీళ్లని కాలితో కదిపాడు. "నేను రొట్టెలు మాడ్చిన రోజులు లేవా? నువ్వెప్పుడైనా మాడిందన్నావా?"

"మాడితే గీకి తినేదాన్ని."

"అదే."

ఆమె ఆయన మోకాళ్ల వైపు చూసింది. కమల్లేదు. అంతవరకూ నయం అనుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆ డ్రైవరుని కలవకుండా పోకూడదనుకున్నారు. వాళ్ల బండి ఆగిపోయిన చోటు ఇంకా రాకముందే ఆయన వేగం తగ్గించాడు. ఎక్కడని వెతకడం అని ఇద్దరూ దిక్కులు చూశారు. ఆ చోటు దాటి చాలా దూరం వచ్చాక గానీ రోడ్డు పని కనిపించలేదు. పోయేటప్పుడు బండి దగ్గు గొడవలో దీన్ని ఇద్దరూ పట్టించుకోలేదు. కంకర గుట్టలు, రోలర్లు, మట్టి తడపడానికి ఆగి ఉన్న నీళ్ల ట్యాంకర్లు. అప్పుడు వెలిగింది సూదమ్మకి. ట్యాంకరు ఆ రోజు ఇక్కడికి రావలసింది. వాళ్ల కోసం దానికి పూర్తిగా ఎదురు దిక్కున, కొండదాకా వచ్చాడు. అదీ ట్యాంకు నిండా నీళ్లతో, ఇక్కడ ఇంతమంది ఎదురుచూస్తుంటే.

డ్రైవరు వాళ్లని చూసి మొహం చాటంత చేసుకున్నాడు. "బండి అలక తీరిందా చెల్లెమ్మా?"

"నేనూ అటే అన్నావు కదన్నయ్యా? ఏ దారి అటు?"

"ఏదో ఒక దారి" అని నవ్వేశాడు. "ఆలస్యంగా వచ్చావని సూపర్వైజరు అరిచాడులే. రోజూ అరుస్తాడు, అరవకపోతే ఆయనకి తిన్నది అరగదు."

సూదమ్మ ట్యాంకరు మెట్టెక్కి లోపలికి తొంగిచూసింది. డ్రైవరు సీటు చీలికలై ఉంది. లోపలి స్ప్రింగు ఒకటి పైకి పొడుచుకొచ్చింది. దాని మీద గోనెపట్టా మడిచి వేసుకుని కూర్చుంటున్నాడు. ఏళ్ల తరబడి అలాగే కూర్చున్నట్టుంది. ఆమె దిగి, సంచి విప్పి, సూది పెదాల మధ్య పెట్టుకుంది. మాటలు అక్కణ్నుంచే వచ్చాయి.

"సీటు బయటికి తీయించండి."

"ఇప్పుడా? ఎండలోనా?"

"ఎండకి మాకు అలవాటే."

పని మానేసి నలుగురైదుగురు చుట్టూ చేరారు. గుడారాలకి వాడే మందపాటి గుడ్డ ఎవరో తెచ్చారు. ఇంకెవరో పాత దుప్పటి ఇచ్చారు. ఆయన పొడుచుకొచ్చిన స్ప్రింగుని పట్టకారుతో వంచి, కట్టుతీగతో కట్టాడు. సూదమ్మ దుప్పటి మడతలు పరిచి, గుడ్డ లాగి, చేత్తోనే కుట్టుకుంటూ పోయింది. మిషను కుట్టంత అందంగా రాలేదు. కాస్త వంకర కూడా పోయింది. అయినా ప్రతి కుట్టునీ లాగి చూసి, రెండోసారి ముడి వేసింది. పని అయ్యాక అలవాటుగా ముందు తనే కూర్చుని, అటూ ఇటూ కదిలి చూసింది. తర్వాత దిగి పక్కకి జరిగింది.

డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకుని, ఎక్కడికీ పోనవసరం లేకపోయినా కాసేపు అలాగే ఉండిపోయాడు. "ఇదేంటి చెల్లెమ్మా, ఇంటికి పోవాలనిపించడం లేదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

సెలవు తీసుకునేటప్పుడు ఆమె చేతులు జోడించబోయింది. అతను ఒప్పుకోలేదు. "అన్నయ్యకి దండాలేంటి?" అని, ఆమె ఖాళీ సీసా లాక్కుని, పంపు కింద పెట్టి నిండా నీళ్లు పట్టి ఇచ్చాడు.

బండి కదిలింది. సాయంత్రమవుతోంది, గాలి కాస్త మెత్తబడింది. ఆయన తల కొంచెం వెనక్కి తిప్పి అరిచాడు.

"వచ్చే వేసవికి సముద్రం చూద్దామా?"

"ముందు మీరు రోడ్డు చూడండి" అంది సూదమ్మ. అని, ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి, తడిసిన వీపు మీద చెంప ఆనించుకుంది.